చేదు లేని బిళ్ల

బిళ్ల చేదుగా లేదు.

వరలక్ష్మి విరిచిన ముక్కను నాలుక మీద పెట్టుకుని మళ్లీ చప్పరించింది. సుద్దముక్క రుచి. గొంతులో ఇరుక్కుంటుందని ఆమె ఏ బిళ్లనైనా విరిచే మింగుతుంది. పోయిన వారం వేసుకున్నదైతే కాకరకాయను మించిన చేదు. బెల్లం తిన్నా వదల్లేదు.

పక్క మంచం మీద మంజులత జడ వేసుకుంటోంది. ఇద్దరూ హిందూపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి నర్సులు. చదువుకునే రోజుల నుంచీ ఒకే గది, ఒకే కంచం. కరోనా వచ్చిన ఏడు ఆ వార్డులో డ్యూటీ కూడా కలిసే పడింది.

వార్డులో పనిచేసేవాళ్లకు మలేరియా మందు ముందుగానే ఇచ్చి చూద్దామని ఆసుపత్రివాళ్లు ఒక పరీక్ష మొదలుపెట్టారు. వారానికో బిళ్ల. సగం మందికి అసలు మందు, సగం మందికి ఉత్త పిండి బిళ్లలు. ఎవరి సీసాలో ఏముందో ఎవరికీ చెప్పరు. డాక్టర్ ప్రత్యూష అందరినీ కూర్చోబెట్టి వివరించింది.

"వైరస్ ఒక చిన్న సంచిలో ఉండి మన కణంలోకి పోతుంది. కణం ఆ సంచిలో ఆమ్లం నింపుతుంది. ఆ పులుపు తగిలితేనే వైరస్ విచ్చుకుని బయటపడుతుంది. ఈ మందు ఒక బలహీనమైన క్షారం. సంచిలో చేరి, పులుసులో వంటసోడా వేసినట్టు పులుపు విరిచేస్తుంది. వైరస్ అక్కడే ఇరుక్కుపోతుంది. అయితే ఇదంతా గాజుగిన్నెలో పెంచిన కణాల్లో చూసిన మాట. మనుషుల్లో జరుగుతుందో లేదో ఇంకా తెలియదు."

భయంలో ఉన్నవాళ్ల చెవికి చివరి మాట ఎక్కలేదు. వరలక్ష్మి మాత్రం తన బిళ్ల చేదుగా ఉందని, అసలు మందు తనకే దక్కిందని సంబరపడింది. ఆ సంబరం అమ్మకు ఫోన్ చేసి చెప్పింది. మంజులతకూ చెప్పింది.

ఇప్పుడామె లేచి మంజులత సీసా తీసి, ఒక బిళ్ల విరిచి నాకింది. మొహం వికారంగా మారింది.

"మంజూ, నా బిళ్లలు నీ సీసాలోకి ఎట్ల వచ్చినాయి?"

మంజులత చెయ్యి జడలోనే ఆగిపోయింది.

"ఏం మాట్లాడతాండావు?"

"రుచి చూసి చెప్తాండా. నీ దాంట్లో చేదుండాది. నా దాంట్లో పిండి."

మంజులత జడ వదిలేసి దువ్వెన కింద పెట్టింది.

"నేనే మార్చినా."

"ఎందుకే?"

"ధర్మవరంలో నాకు చిన్నపిల్ల ఉండాది. ప్రాణమంటే ఎవరికి తీపి కాదు?"

"నాది ప్రాణం కాదా? అడిగింటే నేనే ఇచ్చేదాన్ని కదే!"

మంజులత ఆమె చేతిలోని సీసా లాక్కుని డ్యూటీకి వెళ్లిపోయింది. ఆ సీసా మళ్లీ గదికి రాలేదు.

ఆ నెలలోనే వరలక్ష్మికి కరోనా వచ్చింది. ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. మంజులత డ్యూటీలో ఆమె మంచం దగ్గరికి నీళ్లు తెస్తే మొహం తిప్పుకుంది. "ఈమె చేత్తో నాకేమీ వద్దు. ఇంకెవర్నన్నా పంపండి" అంది, ఊపిరి అందకపోయినా.

తేరుకున్నాక మొదట చేసిన పని, మంజులత మీద ఫిర్యాదు. పరిగి నుంచి చూడడానికి వచ్చిన తల్లి బాలనాగమ్మ అడ్డుపడింది.

"పోనీలేమ్మా. బిడ్డతల్లి. ఊరికే ఉండు."

"నీకు అందరి మీదా జాలే మా. నేను సచ్చిపోయింటే?"

బాలనాగమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మంజులత ఉద్యోగం పోయింది. ధర్మవరం పోయి అక్క ఇంట్లో మగ్గం మీద కూర్చుందని ఎవరో చెప్పారు. ఆ మందుతో లాభం లేదని కూడా తర్వాత తేలింది. ఊపిరితిత్తుల కణాల్లోకి వైరస్‌కు ఇంకో దారి ఉందట. పైపొర దగ్గరే లోపలికి జొరబడుతుందట, దానికి పులుపుతో పనే లేదట. ఆ మాట విన్నా వరలక్ష్మి కోపం తగ్గలేదు. పనిచేస్తుందనుకునే కదా దొంగిలించింది!

పోయిన వేసవిలో పెనుకొండలో బంధువుల పెళ్లికి తల్లీకూతుళ్లు వెళ్లారు. తలంబ్రాల వేళ బాణసంచా పేలిన చప్పుడుకు వరలక్ష్మి ఉలిక్కిపడి, అక్కడే కూలిపోయింది. గుండె డాక్టర్ కృష్ణకాంత్ ఈసీజీ చూసి కళ్లద్దాలు తీశాడు.

"ఇది పుట్టుకతో వచ్చిన తేడా. కొన్ని మందులు మీకు విషంతో సమానం. మలేరియా బిళ్లలు ఎప్పుడైనా వాడారా?"

"ఒకటి వేసుకుంటి సార్. మిగిలినవి నా స్నేహితురాలు కాజేసింది."

"ఆమెకో దండం పెట్టుకోండి. అవి వాడుతూ కరోనా బారిన పడి ఉంటే మీరు ఇక్కడికి వచ్చేవాళ్లు కాదు."

వరలక్ష్మి బయటికొచ్చి బెంచీ మీద తల్లి పక్కన కూర్చుంది. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"విన్నావా మా? ఆమె మోసం చేయబట్టి నేను బతికినానంట! పుట్టుకతోనే గుండెలో తేడా ఉండాదంట!"

బాలనాగమ్మ తల ఎత్తలేదు.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"చిన్నప్పుడు రెండుమార్లు ఇట్లే పడిపోయింటివి. బెంగుళూరులో చూపిస్తే మలేరియా బిళ్లలట్లాంటివి అస్సలు ఎయ్యగూడదనిరి. బయటికి తెలిస్తే పెండ్లి కాదని మీ నాయన నోరెత్తనీలేదు."

వరలక్ష్మి తల్లి చేతిని విదిలించుకుని లేచి నిలబడింది.

"కడుపున పుట్టినదానికి కూడా చెప్పవా? తెలిసి తెలిసి, నేను ఆ బిళ్లలు మింగుతాంటే చూస్తా కూచున్యావా?"

"చూస్తా కూచోలేదు" అంది బాలనాగమ్మ.

"ఎవురికీ చెప్పకుండా బిళ్లలు మార్చమని మంజులత చేత ఒట్టేయించుకునింది నేనే."