మూడు బేరి చెట్లు

సౌదీలో అభా కొండల మీద ఆ ఇంటి పెరట్లో మూడు జపాన్ బేరి చెట్లున్నాయి. ఒకదానికి తెగులు తగిలింది. చివుళ్ళు నిప్పు తాకినట్టు నల్లబడి, కొసలు వంగిపోయాయి.

"మా నాన్న నాటిన చెట్లివి. బాగుచెయ్యి, ఆ రోజే ఎగ్జిట్ కొట్టిస్తా, మీ ఊరెళ్ళిపోవచ్చు," అన్నాడు కఫీల్, హన్మాండ్లుకు వీసా ఇచ్చిన యజమాని. అతను ఆ ఇంటికి శుక్రవారాలు మాత్రమే వస్తాడు.

హన్మాండ్లుకు తోటపని తెలుసు. నలుపు ఆగిన చోటికి మూరెడు కిందికి కోయాలి. కోసిన ప్రతిసారీ కత్తెరను బ్లీచ్ కలిపిన నీళ్ళలో ముంచాలి. లేకపోతే కత్తెరే తెగులును చెట్టు నుంచి చెట్టుకు మోస్తుంది. మూడు డబ్బాల బ్లీచ్ కొని తెచ్చాడు.

"నీళ్ళు నేను కలిపిస్తా. నాకూ ఒక పనుండాలి కదా," అంది కఫీల్ తల్లి హఫ్సా. ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. రోజూ పొద్దున్నే బకెట్ తెచ్చి చెట్టు కింద పెట్టేది. యాలకుల కాఫీ ఇచ్చి, ఎదురుగా కుర్చీ వేసుకునేది.

"వాసన బాగుందా?"

"కరోనా వచ్చాక నా ముక్కు పనిచేయట్లేదమ్మా," అన్నాడు వచ్చీరాని అరబ్బీలో.

"అయితే నీకు కాఫీ దండగ," అని నవ్వింది.

ఊళ్ళో భార్య ముత్యవ్వకు వారానికి రెండుసార్లు డయాలసిస్.

"ఎప్పుడొస్తవ్?" అంది ఫోన్లో.

"చెట్లు మంచిగ గాంగనే."

"నాకన్న ఆ చెట్లే నయం. దగ్గరుండి సూస్కుంటున్నవ్."

రెండో చెట్టూ నల్లబడింది. హన్మాండ్లు ఇంకా కిందికి కోశాడు. కొమ్మలు కాల్చేశాడు. ఒక్క కోతకు కూడా కత్తెర ముంచడం మానలేదు. అయినా మూడోదానికీ అంటుకుంది.

"నిదానంగా చెయ్యి. నువ్వొచ్చాకే ఈ పెరట్లో మాట వినపడుతోంది," అంది హఫ్సా.

మూడో నెలలో తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, వదినె ఇగ లేదే."

కఫీల్ అదే రోజు ఎగ్జిట్ కొట్టించాడు.

హఫ్సా గుమ్మం పట్టుకుని ఏడ్చింది. "మళ్ళీ వస్తావా?"

హన్మాండ్లు కత్తెర తుడిచి లోపల పెట్టడానికి వంటింటి వెనక అల్మారా తెరిచాడు.

మూడు బ్లీచ్ డబ్బాలూ వరసగా ఉన్నాయి, ఒక్కదాని సీలు కూడా తీయలేదు.