చేతికిచ్చిన ఉప్పు

ఆ అపార్ట్‌మెంట్లో ఎవరి వంటింట్లోనూ ఉప్పు డబ్బా కనబడదు. పొద్దున్నే వేలి నుంచి ఒక్క నెత్తుటి చుక్క తీసుకుని, ఎవరికెంత ఉప్పు, ఎంత ఇనుము, ఎంత జింకు కావాలో అంతే వాళ్ల కంచంలో కలిపే మిషను ఇంటింటికీ వచ్చి పదేళ్లయింది. జబ్బులు తగ్గాయి. ఒకరి తిండి ఇంకొకరికి పడదు గనక కూరగిన్నెలు గడప దాటడం మానేశాయి, తలుపు తట్టేవాళ్లూ లేకుండా పోయారు.

అందుకే, రెండేళ్లుగా ఎదురు ఫ్లాటులో ఉంటున్న హైమ తొలిసారి తలుపు తట్టినప్పుడు, ఒంటరిగా ఉండే వరహాలమ్మ అది తన ఇంటి తలుపే అనుకోలేదు.

"పిన్నిగారూ, మా మిషను పాడైందండీ. పొద్దుట్నుంచీ చప్పిడి తిండే. మీ దగ్గర రవ్వంత ఉప్పుందా?" అంటూ హైమ ప్లేటు చాపింది.

వరహాలమ్మ ఒకప్పుడు ఉప్పుమళ్లలో పనిచేసింది. అలమారా అడుగున దాచుకున్న జాడీలోంచి గుప్పెడు రాళ్లుప్పు తెచ్చింది.

"ప్లేటొద్దు. చెయ్యి పట్టమ్మా."

"అయ్యో, ఉప్పు చేతికిస్తే దెబ్బలాటలొస్తాయంటారు కదండీ!"

"రానీ తల్లీ," అంటూ ఆమె అరచేతిలో ఉప్పు పోసి, వేళ్లు ముడిచింది వరహాలమ్మ. "దెబ్బలాడ్డానికైనా మళ్లీ వస్తావు కదా."