నడిమి వేలు లేని రాజదండం

దేవుణ్ణి నమ్మడానికి నాకు సాక్ష్యం అక్కర్లేదు. కానీ కోటల్లో అద్దాల వెనక పెట్టిన వస్తువులు నిజంగా రాజులు వాడినవేనా అన్న సందేహం మాత్రం ఏళ్ళ తరబడి ఉంది.

ఒక వడ్రంగికి అత్తగారంటే హడల్. ముప్పై ఏళ్ళ కిందట ఆవిడ దగ్గర ఓ వస్తువు అడిగి తీసుకున్నాడు. తిరిగి ఇవ్వలేదు. "పెద్దవాళ్ళ దగ్గర ఉండిపోయింది, అడగలేను" అంటాడు. అప్పట్నుంచీ ఆవిడ అల్లుడితో నేరుగా మాట్లాడలేదు. కూతురింట పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. ఎప్పుడొచ్చినా నీళ్ళసీసా సంచిలో తెచ్చుకుంటుంది.

అలాంటి ఆవిణ్ణి కోట చూపిస్తానని బతిమాలి తీసుకొచ్చాడు.

"ఈసారైనా మా అమ్మ మనింట్లో ఓ ముద్ద తినేలా చూడండి. మీ ఇద్దరి మధ్యా నేను నలిగి చస్తున్నాను," అంది భార్య.

గైడు ముందు నడుస్తున్నాడు. "ఇది రాజుగారి హంసతూలికా తల్పం!"

"ఇంతేనా? రాజుగారే ఒత్తిగిలి పడుకోవాలి. ముగ్గురు రాణులూ ఎక్కడ పడుకునేవారు నాయనా?" అంది అత్తగారు.

"అది రాజరహస్యం అమ్మా."

వడ్రంగి మంచం వైపు చూడనే లేదు. "ముందు కింద కొట్టుకి వెళ్దామా? కొత్తగా పెట్టారట," అన్నాడు.

"మీ ఆయనకేం తొందరే? టికెట్టు కొన్నాం, రాజుగారి చెప్పుల దాకా చూడాల్సిందే," అంది ఆవిడ కూతురితో.

కొలువుకూటం మధ్యలో టేకు చట్రంతో అద్దాల పెట్టె. లోపల పట్టుదిండు మీద మూరెడు కర్ర. దాని చివర చేతివేళ్ళలా చెక్కి ఉంది.

"ఇదే రాజదండం! దీన్నిలా ఎత్తితే చాలు, సభంతా గప్‌చిప్. ఈ అయిదు వేళ్ళూ అయిదు సీమలకు గుర్తు," అన్నాడు గైడు.

పక్కనున్న పెద్దమనిషి చెప్పులు విడిచి భక్తిగా చేతులు జోడించాడు.

అత్తగారు అద్దానికి ముక్కు ఆనించింది. చాలాసేపు కదల్లేదు. వడ్రంగి రెండడుగులు వెనక్కి వేశాడు.

"నడిమి వేలు విరిగిందేం నాయనా?"

"యుద్ధంలో పోయిన సీమ అమ్మా అది."

"యుద్ధమా? ఎవరితో?"

"పక్క రాజ్యంతో."

"అలాగా!" అంటూ ఆవిడ అల్లుడి వైపు తిరిగింది. అతను పైకప్పులో దూలాలు లెక్కపెడుతున్నాడు.

కింద కొట్లో రాజదండం నమూనాలు అమ్ముతున్నారు. అచ్చం అదే కొలత. వాటికీ నడిమి వేలు లేదు. వడ్రంగి ఒకటి కొని, రెండు చేతులా అత్తగారికి అందించాడు.

ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. జాకెట్టు వెనక నుంచి వీపులోకి దించింది. కళ్ళు మూసుకుని హాయిగా గోక్కుంది.

గైడు నోరు తెరిచాడు. "అపచారం!" అన్నాడు చెప్పులు విడిచిన పెద్దమనిషి.

"అల్లుడూ," అందావిడ. "మీ ఇంటి నీళ్ళసీసా ఇలా ఇవ్వు. దాహంగా ఉంది."

ఈ కోటలో అద్దాల పెట్టెలు బిగిస్తూ అసలు రాజదండాన్ని విరగ్గొట్టుకున్న రోజున, ఆ ఖాళీలో పెట్టడానికి అతను అత్తగారి దగ్గర పట్టుకొచ్చిన వీపు గోకుడు కర్ర బాకీ, అలా తీరింది.