చెక్క చీలల ఉద్యోగం

శుక్రవారం సాయంత్రం ఐదులోపు జోలీన్ మిషో చేయాల్సిన పనులు: తేరియో ఫైల్లో ఎక్స్‌రే కాగితాలకు నంబర్లు వేయడం, జడ్జిగారు ఎర్ర ఇంకుతో కొట్టేసిన మూడు తీర్పుల చిత్తులు తిరగరాయడం, సోమవారం విచారణ కోసం గదిలో మైకులు పనిచేస్తున్నాయో లేదో చూడడం, స్టోడార్డ్‌కు ఐదోసారి ఫోన్ చేయడం.

అన్నిటికన్నా చిరాకు పుట్టించేది చివరిది. దాంతోనే మొదలుపెట్టింది.

“మళ్లీ మీరేనా,” అన్నాడు స్టోడార్డ్.

“మళ్లీ నేనే సార్. అడ్రస్ దొరికిందా?”

“చూడండి, దేశం మొత్తమ్మీద అలాంటి ఉద్యోగాలు పదకొండు వేలున్నాయని లెక్క చెప్పాను కదా.”

“చెప్పారు. జడ్జిగారు అడిగింది ఒక్క అడ్రస్.”

“ఇరవై రెండేళ్లుగా ఈ సాక్ష్యం చెబుతున్నాను. ఇంతవరకూ ఎవరూ అడ్రస్ అడగలేదు.”

“ఇప్పుడు అడిగారు. ఐదింటిదాకా టైముంది సార్.”

ఒళ్లు చెడి పని చేయలేని స్థితికి వచ్చినవాళ్లకు నెలనెలా భృతి ఇచ్చే ప్రభుత్వ సంస్థ జోలీన్ పనిచేసేది. అర్జీ కాదన్నప్పుడు వాళ్ల గోడు వినేందుకు ఆ సంస్థలోనే జడ్జిలుంటారు. జడ్జి పెండిల్టన్ దగ్గర జోలీన్ క్లర్కు. ఆయన నిర్ణయం చెబుతారు, ఆమె తీర్పు రాస్తుంది.

అర్మాండ్ తేరియో ముప్పై ఒక్కేళ్లు అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు అడవుల్లోంచి దుంగల లారీ నడిపాడు. నడుం పోయింది. లారీ ఎక్కలేడు, బరువెత్తలేడు. అయితే కూర్చుని చేసే పని ఏదైనా చేయగలడా? ఆ సంగతి చెప్పడానికే ఉద్యోగాల నిపుణుడు స్టోడార్డ్‌ను పిలుస్తారు. ఆయన దగ్గర ఒక పాత జాబితా ఉంది. ఎవరి నడుం పోయినా అందులోంచి ఒకే పని తీస్తాడు: కుర్చీలూ బీరువాలూ బిగించే చెక్క చీలల్లో వంకరవి ఏరి పక్కన పెట్టడం.

‘ఈ పని చేయగలరు’ అనే వాక్యాన్ని రెండేళ్లలో జోలీన్ నలభై తీర్పుల్లో రాసింది. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. “అంత చదివావు, ఆఫీసులో ఏం రాస్తుంటావమ్మా?” అని నాన్న అడిగితే, చీలల గురించి అని చెప్పడానికి నోరు రాలేదు.

విచారణ రోజు తేరియో బల్లకు రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు.

“ఆ పని ఎక్కడుందో చెప్పండయ్యా, సోమవారం నుంచే పోతాను. ఇంట్లో పడుంటే మా ఆవిడ నాకంటే కుక్కకే ఎక్కువ మర్యాద ఇస్తోంది.”

అందరూ నవ్వారు. జడ్జి నవ్వలేదు.

“భృతి రాకపోతే ఏం చేస్తారు?”

“ఇల్లు అమ్ముకుని మా అమ్మాయి ఇంటి నేలమాళిగలోకి పోవాలి. పదమూడు మెట్లు. లెక్కపెట్టి వచ్చాను.”

జడ్జి నిపుణుడి వైపు తిరిగారు. “పదకొండు వేలున్నాయంటున్నారు. ఒక్కదాని అడ్రస్ ఇవ్వండి. పది రోజులు. ఇవ్వలేకపోతే ఈయనకు భృతి మంజూరు.”

ఆ పదో రోజే ఈ శుక్రవారం. దొరక్కూడదని లోపల మొక్కుకుంటూనే జోలీన్ ఐదుసార్లూ ఫోన్ చేసింది. ఉద్యోగం అలాంటిది.

నాలుగూ నలభైకి ఫ్యాక్స్ వచ్చింది.

“వెస్ట్ హార్లో చీలల మిల్లు, రివర్ రోడ్డు. ఫోన్ చేసి కనుక్కున్నాను. చీలలు ఏరే బల్ల ఒకటి ఉంది. దాని ముందు ఒక మహిళ కూర్చుని ఉంటుంది. మంగళవారం నుంచి శనివారం, పది నుంచి నాలుగు. ఆమె అక్కడ చాలా ఏళ్లుగా ఉంది.”

“పది నుంచి నాలుగట,” అంది జోలీన్, కాగితం జడ్జి ముందు పెడుతూ. “ఈ ఉద్యోగమేదో నాకే ఇప్పించండి సార్.”

పెండిల్టన్ కళ్లజోడు పెట్టుకుని కాగితం చదివారు.

“ఉందన్నమాట. అడిగింది ఇచ్చాడు. తిరస్కరిస్తూ చిత్తు రాయి.”

“ఉన్నది ఒక్కటే సార్. అందులో ఆవిడ ఉంది.”

“ఖాళీ ఉందా అని చట్టం అడగదు. పని ఉందా అనే అడుగుతుంది. నీకు తెలియంది కాదు.”

“తెలుసు సార్. తెలిసే ఒళ్లు మండుతోంది.”

“మండనీ. ముందు ఈ కాగితం అతనికి పంపు. చెప్పుకునేది ఏమైనా ఉంటే పది రోజుల్లో చెప్పుకోమను.”

ఆమె నలభై ఒకటోసారి ఆ వాక్యం రాసి, సంతకం కోసం పక్కన పెట్టింది. పదో రోజు తేరియో ఉత్తరం వచ్చింది. గీతల కాగితం మీద పెన్సిలు రాత. జడ్జి గదిలో నిలబడి పైకి చదివింది.

“జడ్జిగారికి. మీ కాగితం అందింది. బుధవారం మా ఆవిడ కారు నడిపితే వెస్ట్ హార్లో దాకా వెళ్లొచ్చాను. రెండున్నర గంటల దారి. మూడుసార్లు ఆపించి వెనక సీట్లో పడుకున్నాను. స్టోడార్డ్ గారు అబద్ధం చెప్పలేదు. మిల్లు ఉంది, గుమ్మం దగ్గర టికెట్ కొని లోపలికెళ్లాం. బల్ల ఉంది, దాని మీద దీపం ఉంది. ఆవిడా ఉంది. నీలం గౌను, తలకు గుడ్డ, వేళ్ల మధ్య ఒక చీల. గోడకు ఆనుకుని అరగంట చూశాను. నడుం సర్దుకోలేదు. నీళ్లకని లేవలేదు. ఒక్కసారి మూలగలేదు. ఆ పని ఆవిడలా నేను చేయలేను, ఒప్పుకుంటున్నాను. ఇంకెవరైనా ఆ పని చేయగలరని రాయబోయే ముందు, మీకు ఒకటే మనవి.

“దయచేసి ఆ మైనపు బొమ్మను గుర్తుంచుకోండి.”