రెండు గంటల ఇరవై నిమిషాలు

మిరపకాయకి వాళ్ళమ్మ మీద కోపం వచ్చి పదకొండు రోజులైంది. ఫోను మోగితే చాలు, పోయి మంచం కింద దూరుతోంది.

అసలు పేరు వేరే ఉన్నా, తొమ్మిదేళ్ళ ఆ పిల్లని ఇంటా బయటా అందరూ అలాగే పిలుస్తారు. ఈసారి మాత్రం దాని కోపానికి లెక్క ఉంది. అట్లాసు ముందేసుకుని స్కేలుతో కొలిచింది. అమ్మ ఉండే ఊరికీ తమ ఊరికీ మధ్య ఒక సముద్రం, పద్నాలుగు వందల కిలోమీటర్లు. విమానంలో రెండు గంటల ఇరవై నిమిషాలు. అమ్మమ్మ పళ్ళ డాక్టరు దగ్గర అంతకంటే ఎక్కువసేపే కూర్చుంటుంది.

పైగా అమ్మ రోజూ మధ్యాహ్నం తమ ఊరి విమానమే ఎక్కుతుంది. తనే చెప్పింది. ఏ సీటు చిరిగిందో, ఏ కిటికీ తెర పైకి లేవదో అన్నీ పూసగుచ్చినట్టు చెబుతుంది. ఎవరో మర్చిపోయిన బొమ్మలు, విప్పని చక్కెర పొట్లాలు పోస్టులో పంపుతుంది. మా అమ్మ ఎయిర్‌హోస్టెస్ అని మిరపకాయ బళ్ళో తలెగరేసి తిరుగుతోంది.

పైనుంచి మబ్బులెలా ఉంటాయని అడిగితే మాత్రం, చూసే తీరికెక్కడిదే అని అమ్మ మాట మార్చేస్తుంది. మరి ఇంటికెందుకు రావంటే, వెంటనే ఇంకో విమానం ఎక్కాలి తల్లీ అంటుంది. మూడేళ్ళుగా అదే జవాబు. మొన్న పుట్టినరోజుకీ అదే.

పక్కింటి బాబాయి లిఫ్టులు బాగుచేస్తాడు. ఎక్కడో దూరాన పని తగిలి, ఆ విమానంలోనే బయల్దేరాడు. అమ్మ ఉండే ఊళ్ళో దిగి ఇంకోటి మారాలి. మిరపకాయ ఒక కవరు తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"మా అమ్మకే ఇవ్వాలి బాబాయ్. ఇంకెవరికీ ఇవ్వకు."

"ఏం రాశావే?"

"రోజూ ఇంతదూరం వచ్చి మొహం చూపించకుండా పోతున్నావు, ఎక్కడం వచ్చినదానివి దిగడం రాదా అని. ఈసారీ రాకపోతే జన్మలో మాట్లాడనని."

అమ్మమ్మ విననట్టు స్టవ్వు వైపు తిరిగింది. ఆవిడ కళ్ళనిండా నీళ్ళు.

విమానంలో బాబాయి ఒకమ్మాయిని ఆపి పేరు చెప్పి అడిగాడు. "నాలుగేళ్ళుగా ఈ దారిలోనే చేస్తున్నానండీ. మాలో ఆ పేరుగలవాళ్ళు ఎవరూ లేరు," అంది ఆ అమ్మాయి.

బాబాయి కవరు తీసి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. అంటే ఇన్నాళ్ళూ ఆవిడ చెప్పిందంతా అబద్ధమేనా? తిరిగొచ్చాక ఆ పిల్లకి ఏమని చెప్పాలి? ఈలోగా విమానం దిగింది. అవతల రెండో విమానానికి వేళవుతోంది. కవరు పారేయడానికి మనసొప్పలేదు, వెనక్కి తీసుకెళ్ళడానికి ధైర్యం చాల్లేదు. పద్నాలుగో వరసలో, తన ముందు సీటు సంచిలో దాన్ని కుక్కేసి దొంగలా దిగిపోయాడు.

అందరూ దిగాక, చీపుళ్ళూ చెత్త సంచులూ పట్టుకుని వెనక తలుపులోంచి ఎక్కిన నలుగురు ఆడవాళ్ళలో, పద్నాలుగో వరస తుడిచే వంతు వచ్చినావిడ ఆ కవరు తీసి, దానిమీది వంకర అక్షరాలు తన కూతురివేనని పోల్చుకుని, విమానం మళ్ళీ తన ఊరికి ఎగిరేలోగా దాన్ని చదువుకుని దిగిపోవడానికి ఇంకా ఇరవై నిమిషాలే ఉన్నాయని గడియారం చూసుకుంది.