నాలుగడుగుల స్కేలు

"గోడ నిండా ఈ పిచ్చిగీతలేమిటయ్యా బైరాగీ? ఎల్లుండి వరదల కమిటీ వస్తోంది. సున్నం కొట్టెయ్," అన్నాడు ఇంజనీరు రఘురాం. ఈ బెంగాలీల ఊళ్ళో అతనూ మాలాగే తెలుగోడే. అందుకే మాలాంటి మురిక్కాలవ పనోళ్ళని తెలుగులోనే కసురుతాడు.

"బాబూ, ఆ గీతలు..."

"కొట్టమన్నానా, లేదా?"

కొట్టీసాను.

కమిటీ వాట్‌గంజ్‌లో మా క్వార్టర్లకి ఏసీ కార్లలో దిగింది. లోకం వేడెక్కిపోతోందిట, వానలు ఇంకా ముదురుతాయిట. ఆ ముక్క మాకు చెప్పినంతసేపూ, లోపల చల్లదనం పోకుండా కార్ల ఇంజన్లు ఆపనేలేదు.

"ఈ వీధిలో ఏ ఏడు వాన నీరు ఎంతెత్తు వచ్చిందో రికార్డేమైనా ఉందా?" అనడిగాడు వాళ్ళలో పెద్దాయన.

"ఎక్కడిది సార్! వీళ్ళకి అంత తెలివి కూడానా?" అని నవ్వి, రఘురాం నా తెల్లటి గోడ మీద నీలం రంగుతో నాలుగడుగుల స్కేలు గీయించాడు. ఇకమీదట నీటిమట్టం దాన్ని చూసి రాసుకోవాలట. అందరూ చప్పట్లు కొట్టి సందేశ్ మిఠాయి తిన్నారు.

"నాలుగడుగులు సరిపోద్దా బాబూ?" అన్నాను.

"ఇక్కడ నీళ్ళు అంతకు మించి రావయ్యా. నాకు తెలీదా?"

ఎందుకు తెలీదు బాబూ! నీరు దిగినప్పుడల్లా ఇటికముక్కతో ఆ గోడ మీద గీత గీసి, పక్కన ఏ సంవత్సరమో వెయ్యడం మా నాయిన పెట్టిన అలవాటు. మొన్న నువ్వు పిచ్చిగీతలన్నవి అవే. ముప్పయ్యేళ్ళవి. అందులో డెబ్బై ఎనిమిది వరద గీత నీ స్కేలుకి మూరెడు పైన, నువ్వు కొట్టించిన సున్నం కింద ఉంది.