బోర్డు మీద ఖాళీ

టామ్సిన్ కుక్క కాలికి కట్టు కడుతుండగా జేబులో ఫోను మోగింది. ముడి వేసి, చేతులు కడుక్కుని, అప్పుడు చూసింది.

‘చింతిస్తున్నాము’ అన్న మాట దగ్గర ఆగి, మిగతాది గబగబా చదివేసింది. ఆ మాట ఆమెకు పాత చుట్టం. పశువైద్య కళాశాల నుంచి నాలుగేళ్లుగా ప్రతి జనవరికీ వస్తోంది.

“ఏమంటారు?” అన్నాడు కుక్కని పట్టుకున్న మెర్విన్. గొర్రెలు పెంచే మనిషి, మొహమాటం లేదు.

“చదువు మార్కులు సరిపోయాయట. ఇంటర్వ్యూ బాగా చేశానట. అన్నీ కలిపితే మాత్రం కొంచెం తగ్గిందట.”

“ఎక్కడ తగ్గింది?”

“అది చెప్పరుగా!”

మైదానంలో కుక్కల పోటీ అప్పుడే ముగిసింది. ప్రతి కుక్కా మూడు గొర్రెల్ని తోలుకుంటూ వెళ్లి, వంతెన దాటించి, దొడ్లోకి చేర్చాలి. మెర్విన్ కుక్క టిప్ గెలిచింది. గెలిచిన సంబరంలో ముళ్లకంచె మీదికి దూకి కాలు చీరుకుంది.

“ఫస్టొచ్చిన కుక్కకి క్లెమ్ ఎన్ని వేశాడో తెలుసా? వందకి యాభై ఎనిమిది!” అన్నాడు మెర్విన్. “గొర్రెలు బడిపిల్లల్లా వరసగా లోపలికెళ్లాయి. అయినా యాభై ఎనిమిదే!”

“కప్పు నీకే వచ్చిందిగా. ఇంకేం కావాలి?”

“అవుననుకో. అందరికీ ఆయనే వేస్తాడు కాబట్టి బతికిపోయాం.”

క్లెమ్ ఆ పోటీలకి నలభై ఏళ్లుగా జడ్జి. ఆ చుట్టుపక్కలకంతా ఒకే ఒక్క పశువుల డాక్టరు కూడా ఆయనే. టామ్సిన్ ఆరేళ్లుగా ఆయన దగ్గర నర్సు. మార్కుల దగ్గర క్లెమ్ ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి. ఏ కుక్కనీ అరవై దాటనిచ్చిన పాపాన పోలేదు.

టామ్సిన్ నవ్వబోయింది. రాలేదు. ఏడుపూ రాలేదు. మొదటి ఏడాది మూడు రోజులు ఏడ్చింది. రెండో ఏడాది ఒక పూట. ఇప్పుడు ఒట్టి అలసట. ఇరవై ఎనిమిదేళ్లు వచ్చాయి, ఇంకా దరఖాస్తులు నింపుకుంటూనే ఉంది.

తిరిగి వెళ్లేటప్పుడు బండి నడుపుతూ క్లెమ్ స్టీరింగు మీద అరచేత్తో కొట్టాడు.

“కళ్లు పోయాయా వాళ్లకి? కడుపులో దూడ అడ్డం తిరిగితే నాకంటే ముందు నీకు తెలుస్తుంది. నేను రాసిన కాగితం చదివారా అసలు?”

దరఖాస్తుతో పాటు, పని చూసిన డాక్టరు కూడా ఒక సిఫారసు కాగితం పంపాలి. దాన్ని కళాశాలవాళ్లు తప్ప ఇంకొకరు చూడకూడదు.

“చదివే ఉంటారు. వదిలెయ్యండి క్లెమ్. సోమవారం నుంచి చేపల ఫ్యాక్టరీకి పోతున్నాను. సాల్మన్ చేపలు కరవవు, తన్నవు.”

“మీద పేడ కూడా వెయ్యవు,” అన్నాడు క్లెమ్.

ఇద్దరూ నవ్వలేదు.

బండి ఆస్పత్రి ముందు ఆగింది. గోడ మీద బోర్డులో పైన క్లెమ్ పేరు ఉంది. కింద ఇంకో పేరు పట్టేంత ఖాళీ. నాలుగేళ్ల కిందట అలా వదలమని క్లెమ్ దగ్గరుండి రాయించాడు. ‘ఇదేమిటి?’ అని పెయింటరు అడిగితే, ‘మా అమ్మాయి చదువు అయ్యాక చెప్తా’ అన్నాడట. ఎండకి ఆ ఖాళీ కూడా వెలిసిపోయింది.

టామ్సిన్ తల తిప్పుకుంది.

“నాకు డెబ్బై మూడు,” అన్నాడు క్లెమ్ బండి దిగకుండానే. “ఆవు కడుపులో చెయ్యి పెడితే భుజం పట్టేస్తోంది. నువ్వు పోతే దీనికి తాళమే. క్వీన్స్‌లాండ్‌లో ఒక కాలేజీ రెండో విడత దరఖాస్తులు తీసుకుంటోంది. శుక్రవారం ఆఖరు. ఒక్కసారి, నా కోసం.”

“ప్రతి ఏడూ ఇదే మాట.”

“ఈసారి ఇంకా గట్టిగా రాస్తాను.”

“అంటే ఇన్నాళ్లూ మెత్తగా రాశారా?”

“నా జన్మలో ఎవరికీ రాయనంత గొప్పగా రాశాను పిల్లా!”

అది నిజమేనని టామ్సిన్‌కి తెలుసు. క్లెమ్‌కి అబద్ధం ఆడటం చేతకాదు. ఆయన మొహం చూస్తే ఆమెకి తన సంగతి మర్చిపోయి ఆయన మీద జాలేసింది. ఫ్యాక్టరీకి ఫోన్ చేసి కొన్నాళ్లు గడువు అడిగింది.

“ఇదే ఆఖరు,” అంది క్లెమ్‌తో. “ఇదీ పోతే ఆ ఖాళీలో చేపబొమ్మ వేయించుకోండి.”

శుక్రవారం పొద్దున్నే క్లెమ్ టీ పెట్టుకుని, కళ్లద్దాలు తుడుచుకుని, కాగితం ముందు కూర్చున్నాడు. ఆమె పేరు రాశాడు. ఎన్నేళ్లుగా తెలుసో రాశాడు. ఆఖరి గడి దగ్గర కలం ఆగింది.

కిటికీలోంచి చూశాడు. తల్లి ఏదో కారు కింద పడి చచ్చిపోతే ఒంటరిగా మిగిలిన వాలబీ పిల్లని, చిన్నరకం కంగారూ కూనని, గుడ్డసంచిలో వేసుకుని, వరండాలో సీసాతో పాలు పడుతోంది టామ్సిన్. అది తాగనంటే బతిమాలుతోంది.

క్లెమ్ మళ్లీ కాగితం వైపు తిరిగాడు. ఇక ఎవరేమనుకున్నా సరే అనుకున్నాడు.

‘వందకి ఎన్ని మార్కులు వేస్తారు?’ అన్న ఆ గడిలో, నాలుగేళ్లుగా ఆమెకి వేస్తూ వచ్చిన అరవై కాకుండా, నలభై ఏళ్ల నియమాన్ని మొట్టమొదటిసారి తెంచి, కళ్లు తుడుచుకుంటూ వేశాడు: అరవై ఒకటి.